నరీన్‌లో మెయిళ్లు ఆగిన రోజు

బిష్కెక్‌లో ఒక పాల కంపెనీ మెయిల్ సర్వర్ చూసేది బురులాయ్. కొండల్లో ఉన్న నరీన్ శాఖలో అదే పని కుబాత్ బైకెది; పెద్దవాళ్లను అక్కడ బైకె అని పిలుస్తారు. ఆమెకు పని నేర్పింది ఆయనే. సర్వర్‌లోకి వెళ్లడానికి ఇద్దరూ వాడే పేరు కూడా ఒకటే.

ఆ పొద్దున ఓష్ శాఖలో ఎవరిదో అడ్రసు వెతకాల్సొచ్చింది. కమాండ్లు కొట్టే షెల్ మామూలుగా సొంత శాఖ పేర్లే చూస్తుంది. బురులాయ్ అన్ని శాఖలూ కనబడేట్టు సెట్ చేసింది. అడ్రసు దొరికింది. సెట్టింగు వెనక్కి తిప్పడం మరిచిపోయింది. అదే విండోలో, డిపార్ట్‌మెంట్ పేరు లేని మెయిల్ ఖాతాలన్నీ ఆపెయ్యమంది. బిష్కెక్‌లో అలాంటివి మానేసి పోయినవాళ్లవే. నరీన్‌లో ఎవరికీ డిపార్ట్‌మెంట్ రాసే అలవాటే లేదు.

మధ్యాహ్నానికి నరీన్ మూగబోయింది. లారీలు ఎటు పోవాలో తెలియక పాలు విరిగాయి.

టీ దగ్గర మేనేజర్ తాలాంత్ అన్నాడు, "కళ్లజోడు టీ గిన్నెలో పడేసుకుని ఏదో కమాండ్ కొట్టుంటాడు నరీన్ ముసలాయన. ఇక గుర్రం దింపి ఇంటికి పంపాల్సిందే."

నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోక్‌లు నములుతూ అందరూ నవ్వారు. బురులాయ్ కూడా నవ్వింది.

వచ్చి కూర్చుంది. షెల్ విండో ఇంకా తెరిచే ఉంది. పొద్దున సెట్టింగు వెనక్కి తిప్పలేదని అప్పుడు తట్టింది. ఆ సెట్టింగు అది తెరిచున్నంతసేపే. మూసేస్తే తను చేసినట్టు ఎక్కడా ఉండదు. చెయ్యి మౌస్ మీద పెట్టింది. ఫోన్ మోగింది.

"తల్లీ, నేనే ఏదో చేసుంటాను," అన్నాడు కుబాత్ బైకె. "పొద్దున షెల్ తెరిచా. ఏం కొట్టానో ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లా. బుర్ర పోయినట్టుంది. తాలాంత్‌కి చెప్పేసి మానేస్తా."

"ఆగు బైకె. ఫోన్ పెట్టెయ్యకు." లేచి కేకేసింది. "తాలాంత్ గారూ, ఒకసారి ఇటు రండి!"

తాలాంత్ బోర్సోక్ నములుతూనే వచ్చాడు. "ఏంటి, ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. చెయ్యని తప్పు." సెట్టింగు ఏముందో చెప్పమని షెల్‌ని అడిగింది. అన్ని శాఖలూ చూస్తున్నానని వచ్చింది. "ఇది నా విండో. ఆపింది నేనే."

తాలాంత్ నమలడం ఆపేశాడు. "నాతో కలిసి నవ్వావు కదే!"

ఫోన్‌లోంచి కుబాత్ బైకె గొంతు వచ్చింది.

"అయితే నా బుర్ర బాగానే ఉందా తల్లీ?"

"బాగానే ఉంది బైకె."

"సరే. ఆపిన ఖాతాలు మళ్లీ తగిలించొచ్చు. నేను చెప్తా, కొట్టు."

ఆయన చెప్పాడు, ఆమె కొట్టింది. ఆ నవ్వు సంగతి ఆయన అడగలేదు. ఆమె తల ఎత్తలేదు.