ఇస్త్రీ ఆయన వంతు

కాలరు మీద ఇస్త్రీపెట్టె తోస్తూనే అతను కిటికీలోంచి ఎదుటి స్థలం వైపు తొంగిచూశాడు. నల్లమట్టి మడి నిన్నటిలాగే బోసిగా ఉంది.

"మొలిచాయా?" గుండీలు కుడుతున్న భార్య తలెత్తకుండానే అడిగింది.

"ఇంకా బెట్టు చేస్తున్నాయి."

పెళ్లికి ముందు నుంచీ అతను నిలబడింది ఈ బల్ల దగ్గరే. వేడికి కుడి ముంజేతి మీద వెంట్రుకలు ఊడిపోయాయి, నిలబడి నిలబడి పాదాలు వెడల్పయ్యాయి. అన్నేళ్లూ కళ్లెదుట ఉన్నది చెత్తకుప్ప. ఊరందరి బట్టలూ మడత నలగకుండా చేసి ఇస్తూ, తను మాత్రం ఆ కంపు పీల్చాడు. అందుకే లెక్కల మాస్టారు ఇంటింటికీ తిరిగి, చెత్త ఎత్తేసి అందరం కలిసి తోట వేద్దాం రమ్మన్నప్పుడు మొదట పార పట్టింది అతనే.

మొదటిసారి చల్లిన విత్తనాలు కుళ్లిపోయాయి. తప్పు ఎవరిదంటే అందరిదీ. ఎవరూ పోసి ఉండరులే అనుకుని పొద్దున్నే మాస్టారు నీళ్లు పోశాడు. డ్యూటీ దిగి వస్తూ నర్సమ్మ పోసింది. రొట్టెల కొట్టు ముసలాయన పోశాడు. ఇతనైతే చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా పోశాడు. మడి కాస్తా బురదగుంట అయ్యింది. నువ్వంటే నువ్వని మాటామాటా పెరిగి, ముసలాయనతో సహా సగం మంది రావడం మానేశారు. మిగిలినవాళ్లు రోజుకొక ఇంటివాళ్లే పొయ్యాలని ఒప్పందం చేసుకుని, మళ్లీ పాలకూర చల్లారు.

ఈసారీ మొలవకపోతే ఇక ఎవరూ రారు, ఆ చోటుకి చెత్తే తిరిగొస్తుంది. అది తలుచుకుంటే అతనికి నిజంగానే భయం వేసేది.

మధ్యాహ్నం నర్సమ్మ యూనిఫాం కోసం వచ్చింది.

"రేపు నీళ్లు నీ వంతు కదా అన్నా. కాస్త చూసి పొయ్యి. పోయినసారి నీ ప్రేమకి తట్టుకోలేకపోయాయి పాపం."

"నీ ప్రేమ తక్కువైందా అమ్మా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. బయట ఎండ మండిపోతోంది. ఆమె వెళ్లాక కూడా అతను చాలాసేపు మడి వైపే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం కొట్టు మూసేటప్పుడు, "నువ్వు పద, నేనొస్తా" అని భార్యని పంపేశాడు. ఇంటికి వచ్చేసరికి మోకాళ్ల నిండా మట్టి. ఆమె సణుగుతూనే అన్నం పెట్టింది. గుండెల్లో మంటగా ఉందని తొందరగా పడుకున్నాడు. తెల్లవారి ఆమె ఎంత లేపినా లేవలేదు.

ఆ సాయంత్రం అతన్ని సాగనంపి వచ్చాక, ఆయన వంతు తప్పిపోకూడదని ఎవరికి వాళ్లే అనుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోకుండా, నిండు డబ్బాలు మోసుకుంటూ అందరూ మడి దగ్గరికి చేరారు. రావడం మానేసినవాళ్లు కూడా వచ్చారు.

మడి మీద దుప్పటి పరిచి ఉంది. అతని ఇస్త్రీ బల్ల మీది మందపాటి దుప్పటి. నర్సమ్మ అంచు పట్టుకుని మెల్లగా ఎత్తింది. కింద ఇంకా తడి ఆరలేదు. మట్టి పెచ్చుని తలలతో తోసుకుంటూ లేత మొలకలు మడి పొడుగునా లేచాయి.

"ఆయన వంతు నిన్ననే కానిచ్చేశాడు." అన్నాడు మాస్టారు. "ఇవాళ ఎవరూ పొయ్యకండి."

ఎవరూ పొయ్యలేదు. బరువుకి చేతులు లాగుతున్నా డబ్బాలు దించకుండా నిలబడ్డారు.

"రేపెవరు మరి?" అంది నర్సమ్మ.

"నేను" అన్నాడు రొట్టెల కొట్టు ముసలాయన.

నర్సమ్మ దుప్పటి మట్టి దులిపి కంచె మీద ఆరేసింది. దాని నడిమధ్యన, ఎప్పుడో అతను ఏమరుపాటున వదిలేసిన ఇస్త్రీపెట్టె అచ్చు గోధుమరంగులో కాలి ఉంది.