తోమిన గద్ద

సుబ్బాయమ్మ చేతికి ఒక జబ్బుంది. మసిబారిన గిన్నె గానీ చిలుము పట్టిన చెంబు గానీ కంటబడితే ఆ చెయ్యి ఊరుకోదు. కడప జిల్లాలో పుట్టిన ఏ ఆడమనిషి చెయ్యీ ఊరుకోదని ఆమె వాదన. కువైత్‌కు పనికొచ్చిన మొదటి నెలలోనే ఆ జబ్బు తిరగబెట్టింది. బ్నీద్ అల్ గార్‌లోని ఆ ఇంట్లో, పనివాళ్లు బాబా అని పిలిచే ముసలి యజమానికి ఓ అద్దాల బీరువా ఉండేది. అందులోంచి నల్లబడ్డ కంచు బిళ్ల ఒకటి తీసి, చింతపండూ ఉప్పూ వేసి అరగంట తోమి, బంగారంలా మెరిపించి, మెప్పు కోసం ఆయన ముందు పెట్టింది.

బాబా కుర్చీలో కూలబడ్డాడు. “ఆ నలుపు రూపంలో డెబ్బై ఏళ్ల వయసుండేది దీని ఒంటిమీద. గీకేశావు కదమ్మా!” అన్నాడు. వయసులో ఉన్నప్పుడు బొంబాయిలో ఖర్జూరాల వ్యాపారం చేసినవాడు కాబట్టి ఆయనకు హిందీ బాగా వచ్చు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆమె ఆ రాత్రి అన్నం తినేదే.

ఆ రోజుతో తోమడం ఖలాస్, వినడం మొదలు. శుక్రవారం నమాజు అయ్యాక బాబా ఆ బీరువాలోంచి మఖమలు పెట్టె తీసి ఒక్కో బిళ్ల గురించీ చెప్పేవాడు. నడుంనొప్పి వైద్యానికి జర్మనీ వెళ్లినప్పుడల్లా కొన్నాడట. మొత్తం నలభై ఒకటి. మొదటి ప్రపంచయుద్ధం జరుగుతుండగానే జర్మన్లు పోత పోసుకున్న జ్ఞాపక పతకాలు. వాటిమీద మనుషుల కంటే జంతువులకే ఆమె చూపు అతుక్కుపోయేది. ఎలుగుబంటి అంటే రష్యా. కోడిపుంజు ఫ్రాన్సు. బుల్‌డాగ్ ఇంగ్లండు. గద్ద జర్మనీ, ఒక్కోచోట సింహం కూడా అదే. ఒక బిళ్లమీద గద్ద పుంజు ఈకలు పీకుతుంటే ఇంకోదానిమీద సింహం పాముల గుంపును తొక్కుతుంటుంది. ఆమె తోమిపెట్టిన దానిమీద ఎలుగుబంటి వీపున గోళ్లు దించి, గద్ద రెక్కలు విప్పి ఉంటుంది. అరచేతిలో పట్టే లోహంలో ఈక ఈకనూ విడివిడిగా చెక్కిన ఆ పనితనానికి సుబ్బాయమ్మ ఒళ్లు జలదరించేది. ఆమెకు తెలిసిన గద్ద గరుత్మంతుడు, తెలిసిన సింహం అమ్మవారి వాహనం, తెలిసిన కోడి సుబ్రహ్మణ్యస్వామి జెండా. దేవుళ్లు దిగి వెళ్లిపోతే వాహనాలు మిగిలి కొట్టుకు చస్తున్నట్టు అనిపించేది.

“అన్నిట్లోనూ గద్దే గెలుస్తోందేం బాబా?” అని ఓ శుక్రవారం అడిగింది.

“యుద్ధం మధ్యలో చేశారు కదా. చివరికేమవుతుందో చేసినవాడికి తెలీదు.”

“చివరికేమైంది?”

“ఓడిపోయారు,” అని పెట్టె మూసేశాడు బాబా.

ఆ మాట ఆమెకు ఏళ్ల తరబడి గుర్తుండిపోయింది. ఓడిపోయినవాళ్ల గద్ద ఇంకా గెలుస్తూనే ఉంది, చేత్తో తడిమితే గోళ్లు గుచ్చుకుంటాయి. అంత వింత ఆమె ఎక్కడా చూడలేదు.

ఎనభై తొమ్మిదిలో బాబా పోతూ పోతూ, ఆ బిళ్లలను చెదరనివ్వొద్దని, పనివాళ్లు మామా అని పిలిచే తన భార్య చేత మాట తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆగస్టులో ఓ తెల్లవారుజామున ఇరాక్ ట్యాంకులు వీధిలోకొచ్చాయి. సెప్టెంబరులో, సౌదీ దారి తెరిచారని మామా మేనల్లుడు సబా అల్ సలేం పేట నుంచి కబురు పెట్టాడు. కారు సిద్ధంగా ఉంది. మామా మాత్రం పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రాయచోటి లాల్ బాషా, ఆ ఇంటి డ్రైవరు, వంటింట్లోకొచ్చి తల పట్టుకున్నాడు. “అక్కా, ఆయమ్మ కదలనంటాంది. చెక్‌పోస్టు కాడ చేతి వాచీలు గూడా ఊడబెరుక్కుంటాండారు, ఆ పెట్టెను వదుల్తారా?”

“నాకాడ పెట్టి పొమ్మను.”

“నువ్వు యాడ దాస్తావు? రోజుకో ఇల్లు తోడేస్తాండారు.”

“దాయను. ఎదురుగ్గానే పెడ్తా.”

మామా ఆమెను ఎగాదిగా చూసింది. “మళ్లీ తోమవు కదా?” అని అడిగి, నవ్వుతూనే ఏడ్చింది. పెట్టె ఇచ్చి కారెక్కింది. ఆమెను మేనల్లుడి ఇంట్లో దిగబెట్టి వచ్చిన లాల్ బాషా, అమ్మాన్ దాకా బస్సులున్నాయి, అక్కణ్నుంచి ఇండియాకు విమానాలున్నాయి రమ్మని బతిమాలాడు. మాటిచ్చినానని సుబ్బాయమ్మ వెళ్లలేదు.

తన గదిలో వెంకటేశ్వరస్వామి పటం కింది అలమరాలో నలభై ఒక్క బిళ్లనూ వరుసగా ఆనించి పెట్టింది. ప్రతిదానికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. తోమిన గద్దకు మాత్రం మెరుపు అణిగేదాకా పసుపు మెత్తింది. ప్రమిద వెలిగించింది. నాటకం కోసమే వెలిగించింది గానీ, ఆ వెలుగులో గద్దా సింహం ఎలుగుబంటీ ఒక్కసారి కదిలినట్టయ్యేసరికి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం ముగ్గురు సైనికులొచ్చారు. ఇద్దరు హాల్లో ఫ్రిజ్జు లాగుతున్నారు. మూడోవాడు, నెరిసిన మీసాలవాడు, ఆమె గది తలుపు తోశాడు.

“హిందీ?”

“హిందీ,” అంది, ఇండియాదాన్నేనని.

తుపాకీ గొట్టంతో అలమరా చూపించాడు. “ఇవేంటి?”

“మా దేవుళ్లు.”

“ఇంతమందా?”

“ఇంగా శానామంది ఉండారు,” అంది తన వచ్చీరాని అరబ్బీలో. అతను ఫక్కున నవ్వాడు. వెనక్కి తిరిగేవాడే. పసుపు ఎండి ఒక మూల పెచ్చు రాలిన చోట తోమిన కంచు మెరిసింది.

దాన్ని తీశాడు. బొటనవేలితో పసుపు తుడిచాడు. అతను టోపీ తీసి, దానిమీది ఇరాక్ గద్ద బిళ్ల పక్కన ఈ గద్దను పెట్టి చూసుకున్నాడు. అలసిన మొహం ఒక్కసారిగా వెలిగింది.

“మాదే,” అన్నాడు. “గెలుస్తోంది చూడు.”

ఎక్కడి జర్మనీ, ఎప్పటి యుద్ధం! డెబ్బై ఏళ్లు చీకటి పెట్టెల్లో కూర్చున్న గద్ద, తనకు తగ్గ టోపీని వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చినట్టుంది. అది ఓడిపోయిన గద్ద నాయనా అని చెప్పాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. భయమేసి మింగేసింది. అతను దాన్ని చొక్కా జేబులో వేసుకుని, నల్లటి నలభైనీ మళ్లీ కన్నెత్తి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇరాక్ సైన్యం ఓడి పారిపోయాక, ఏప్రిల్‌లో మామా తిరిగొచ్చింది. తగలబడుతున్న చమురు బావుల పొగతో మిట్టమధ్యాహ్నం లైటు వేసుకోవాల్సి వచ్చింది. మామా పెట్టె తెరిచి, మఖమలులో ఖాళీగా ఉన్న గుంటమీద వేలు పెట్టింది.

“ఏది పోయింది?”

“నేను తోమిందే మామా.” జరిగిందంతా చెప్పింది.

మామా పసుపు అంటిన మిగతా నలభైనీ వేలితో లెక్కపెట్టింది. “నువ్వు పాడుచేసిందే మిగతావాటిని కాపాడింది,” అంది.

సుబ్బాయమ్మ తడిగుడ్డతో పసుపు తుడవబోతే మామా చెయ్యి పట్టుకుంది. “ఉండనీ. ఇది కూడా వాటి వయసే.”

సుబ్బాయమ్మ గుడ్డ పక్కన పెట్టింది. ఇరాక్ సైన్యం పారిపోయిన బస్రా రోడ్డు పొడుగునా బాంబులకు కాలిన లారీలూ ట్యాంకులూ పడి ఉన్నాయని అందరూ చెబుతున్నారు. జేబులో గెలుస్తున్న గద్దను పెట్టుకున్న ఆ మీసాలాయన అటే వెళ్లి ఉంటాడు.

“ఆయప్పకు చెప్పాల్సింది మామా,” అంది ఏడుస్తూ. “మాట నోటిదాకా వచ్చినాది.”