ఏడు నాలుగు ఆరు నంబరు పిట్ట

ఆ దీవి ఎంతుంటుందంటే, ఈ చివర తుమ్మితే ఆ చివర పిట్టలు లేస్తాయి. ఒక దీపస్తంభం, రెండు గదుల ఇల్లు, మిగతాదంతా రాళ్ళే. పిట్టల్ని చూసి రాసిపెట్టడానికి అటవీశాఖ ఆఫీసువాళ్ళు పెట్టిన మనిషి అక్కడ ఇరవై రెండేళ్ళు గడిపాడు. ఒడ్డున అందరూ అతన్ని పిట్టలాయన అనేవారు. కిందటి వానాకాలంలో అతను జబ్బుచేసి పోయాడు. ఆ పని భార్య చేతికొచ్చింది. చేపలు పట్టుకునే అతని తమ్ముడు వారానికోసారి పడవలో వదినకి సరుకులూ మంచినీళ్ళూ తెచ్చి దించుతాడు.

పిట్టలాయన మంచాన పడకముందు ఒక పిట్ట కాలికి గుర్తుకోసం నంబరు రింగు వేసి వదిలాడు. అదే అతని ఆఖరి రింగు. నల్లనెత్తి, చీలిన తోక, పిడికెడు ప్రాణం. ఏటేటా ఎక్కడెక్కడి సముద్రాలో దాటొచ్చి అదే రాతిమీద గుడ్లు పెట్టే జాతి. "వచ్చే ఏడు అది కనబడితే రాసిపెట్టు. నా పని అక్కడితో సరి," అన్నాడు భార్యతో. తమ్ముడు పక్కనే ఉన్నాడు.

చలికాలంలో, తుఫానుకి తెగి రెండు నెలలు నీళ్ళలో తేలిన తన వల ఒకటి తమ్ముడికి దొరికింది. చిక్కులు విప్పుతుంటే నాలుగు ఈకలూ ఒక సన్నటి ఎముకా రాలాయి. వాటితోపాటు ఒక అల్యూమినియం రింగు. రుద్ది చూస్తే 746. వదిన ఇంట్లో మేకుకి వేలాడే తీగ గుర్తొచ్చింది. వాడని రింగుల్ని ఆ తీగకి గుచ్చి ఉంచుతారు. అందులో మొదటిది 747. అంటే ఇది అన్న వేసిన ఆఖరిదే. రింగుని బీడీల డబ్బాలో పెట్టి పడవ అడుగున దాచాడు. వచ్చేవారం చెబుదామనుకున్నాడు. ఆ వచ్చేవారం వస్తూనే ఉంది, పోతూనే ఉంది.

ఎండలు ముదిరే వేళకి పిట్టలు దిగాయి. వదిన విరిగిన చేతుల కుర్చీ రాళ్ళమీద వేసుకుని, టెలిస్కోపుకి కన్ను అంటించేసింది.

"చూపంతా పిట్టల కాళ్ళమీదేనా వదినా? కాస్త అన్నంమీద కూడా పెట్టు."

"నువ్వు తెచ్చిన టమాటాలమీద పెట్టాను. సగం పుచ్చులు. ఇవాళ నూట పదమూడు కాళ్ళు చూశాన్రా."

"పదమూడేంటి? పిట్టకి రెండు కాళ్ళు కదా!"

"ఒంటికాలిమీద నిద్రపోయేది కూడా ఉంటుందిలే, తెలివైనవాడా."

అతను నవ్వాడు. నవ్వుతూనే పడవ వైపు చూశాడు. డబ్బా అక్కడే ఉంది.

వానలొచ్చాయి. గుడ్లు పిల్లలయ్యాయి. వదిన గొడుగు కుర్చీకి కట్టుకుని, మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చునేది. రోజురోజుకీ మనిషి చిక్కిపోయింది. పిల్లలకి రెక్కలొచ్చి, గుంపులు ఒక్కొక్కటే లేచి వెళ్ళిపోవడం మొదలైంది. చివరి గుంపు కూడా రాతి అంచుకి చేరిన రోజు వదిన టెలిస్కోపు వదిలేసి, "మీ అన్నకి ఏం చెప్పుకోనురా," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

అతని నోటివెంట మాట జారిపోయింది. "నేను చూశాను వదినా. పొద్దున వస్తుంటే ఉత్తరపు రాళ్ళమీద ఉంది. నంబరు కూడా చదివాను, ఏడు నాలుగు ఆరు."

వదిన ముఖం వెలిగింది. కుంటుకుంటూ ఇంట్లోకి పరుగెత్తి రిజిస్టరు తెరిచింది. తేదీ రాసింది, చోటు రాసింది.

"ఏ కాలికి?"

ఒక్కసారైనా టెలిస్కోపులో చూసిన మనిషి కాడు. "ఎడమకాలికి," అన్నాడు.

కలం ఆగింది. వదిన తలెత్తింది.

"మీ అన్న ప్రతి పిట్టకీ కుడికాలికే వేసేవాడు. ఎడంచేతివాటం కదా, ఆయనకి అదే కుదిరేది. పోనీ, కాలు తప్పు చూశావనుకుందాం. పడవలోంచి అంత చిన్న నంబరు కంటికి ఆనదు, మరెలా తెలిసింది? ముందే చెబితే ఎదుటివాడి కళ్ళు అదే చదువుతాయని ఆయన ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదు. నీకూ చెప్పలేదు. అంటే ఆ రింగు నీ చేతికొచ్చుండాలి."

అతని చూపు పడవ వైపు పోయింది.

"ఏదీ, ఇలా తే."

డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె రింగు తీసి వెలుతురుకి పట్టుకుంది.

"ఎప్పుడు?"

"చలికాలంలో. నా వలలోనే."

"నేను కుర్చీ వేసుకోకముందే."

"ఊఁ."

ఆమె రాసింది కొట్టేసి కింద మళ్ళీ రాసింది. చలికాలపు తేదీ. స్థితి: మృతి. ఎవరికి దొరికింది అన్న చోట అతని పేరు. అక్షరం వంకర పోలేదు.

"తిట్టు వదినా."

"అప్పుడే చెప్పుంటే ఒక్కసారి ఏడ్చి ఊరుకునేదాన్ని. నూరు రోజులు నన్ను ఉత్త గాలికి ఎదురు కూర్చోబెట్టావు. ఇప్పుడు అవన్నీ కలిపి ఏడవాలి. తిట్టే ఓపిక ఎక్కడిది?"

లేచి, రింగుని తీగలో 747కి ముందు గుచ్చింది.

"వచ్చేవారం సరుకులు ఇంకెవరితోనైనా పంపు."

అతను పడవ తోసుకున్నాడు. నడిసంద్రానికి వచ్చాక వెనక్కి తిరిగితే, చివరి గుంపు తలమీదుగా పోతోంది. దీవిమీద కుర్చీ ఉంది. మనిషి లేదు.