మంచినీళ్లు తాగిన గన్నేరు

ఇంజనీరింగ్ చదువులో నిహారికకు ఇంటిదగ్గర పనికొచ్చింది ఒక్కటే: అనుమానం వస్తే కొలిచి చూడటం. శుక్రవారం పొద్దున్నే గన్నేరు మొక్కల సంచుల మధ్య గొంతుక్కూర్చుని, ఒక సంచి అడుగున కారిన నీళ్లను గ్లాసులో పట్టి, నీళ్లలో ఉప్పెంతో చూపే టీడీఎస్ మీటరు ముంచింది. రెండు వేలు దాటాల్సిన అంకె మూడు వందల దగ్గర ఆగిపోయింది. మీటరు చెడిపోయిందనుకుని ఇంకో సంచి చూసింది. ఇంకోటి. పదో సంచి దగ్గరా అదే అంకె.

వాళ్ల ఎకరంలో బోరు నీళ్లు ఉప్పు కషాయం. పత్తికీ కందికీ పనికిరావు. ఆ దరిద్రాన్నే గొప్పగా చూపించి నిహారిక ఒక బేరం పట్టింది. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున ఒక రిసార్టు తోటకు ఎనిమిది వందల గన్నేరు మొక్కలు కావాలి. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే మొండి మొక్కే, కానీ మంచినీళ్లతో పెంచినవి అక్కడి ఉప్పుగాలికి నెలలో మాడిపోతున్నాయని తోటమేస్త్రీ రఘుపతి ఫోన్లో మొత్తుకున్నాడు. "మావి కొమ్మ నాటిన రోజునుంచీ ఉప్పునీళ్లే తాగుతున్నాయి సార్" అంది నిహారిక. అంతే, బేరం కుదిరింది.

ఆదివారం రఘుపతి లారీతో వస్తాడు. మొక్కలు లారీ ఎక్కకపోతే సోమవారం ఆ ఎకరం ప్లాట్ల వెంచరు వాళ్లకు పోతుంది. బాపు శ్రీశైలం ముందే మాటిచ్చేశాడు.

"అవ్వా!"

ఇంటి వెనకనుంచి గోవిందమ్మ వచ్చింది. ఆ నాలుగడుగులకే చాలాసేపు పట్టింది. ముప్పయ్యేళ్లు ఈ ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగిన కాళ్లు. మోకాళ్ల దగ్గర విల్లులా వంగిపోయాయి.

"మొక్కలకు ఏ నీళ్లు పోస్తున్నవ్ అవ్వా?"

"కృష్ణ నీళ్లు. తెల్లారి నల్లా వచ్చినప్పుడు పైపు పెడుతున్న. నువ్వు గప్పుడు లేస్తవా ఎన్నడన్న? నెల దాటింది. సూడు, పెండ్లిపిల్లల్లెక్క ఎట్ల నిగనిగలాడుతున్నయో."

"బోరు నీళ్లే పొయ్యాలని వందసార్లు చెప్పిన కద!"

"చెప్పినవ్. గా నీళ్లు తాగే నా కాళ్లు గిట్లయినయ్. మీ తాత వంగిన నడుము వంగినట్టే పోయిండు. మీ బాపు పండ్లు ఎన్నడన్న సూసినవా? ఇంట్ల మంచినీళ్లు పెట్టుకోని పసి మొక్కలకు గా ఇసం పొయ్యాల్నా? గంత సదువు సదివి గుండె లేకుంట అయితివేందే!"

నల్లా రాకముందు నిహారిక వాళ్లింట్లో డబ్బా నీళ్లు కొనేవాళ్లు. అవి పిల్లలకు. పెద్దలకు బోరు. తన పళ్లు తెల్లగా ఉన్నాయంటే ఆ డబ్బాలోంచి అవ్వ ఒక్క గుక్క కూడా తాగకపోవడం వల్లే. ఇలాంటి మనిషిమీద అరవడం ఎలాగో ఏ సిలబస్‌లోనూ లేదు.

అరవకుండా వెళ్లి బోరు మోటరు వేసింది. రెండు రోజుల్లో మొక్కలకు మళ్లీ ఉప్పు అలవాటు చేయాలన్నది ఆలోచన. పిచ్చి ఆలోచనని తెలుసు. శనివారం సాయంత్రానికి ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. కత్తెర తెచ్చి, మాడిన ఆకులన్నీ ఒక్కొక్కటే కత్తిరించింది. బొటనవేలు బొబ్బలెక్కింది.

"ఒడిసిందా నీ సాఫ్ట్‌వేర్ తోట?" అన్నాడు శ్రీశైలం గట్టుమీద నిలబడి. వెక్కిరింపుగా మొదలుపెట్టాడు గానీ, మాట చివరికొచ్చేసరికి గొంతు దిగిపోయింది.

ఆదివారం రఘుపతి లారీ దిగి, వరుసల మధ్య నడిచి, ఒక మొక్క దగ్గర వంగాడు.

"ఏంటమ్మాయ్, గన్నేరుకి క్షవరం చేయించావా?"

నిహారిక రెండు అబద్ధాలు సిద్ధం చేసుకుంది. పురుగు పట్టింది. మేకలు కొరికాయి. రెండోది మరీ అన్యాయం, గన్నేరును మేక కూడా ముట్టదు. రఘుపతి మొహం చూస్తే రెండూ నోట్లోంచి రాలేదు.

"నలభై రోజులు మంచినీళ్లు తాగినయ్ సార్. నాకు తెల్వదు. మొన్ననే చూసిన."

అతను ఇంకో రెండు మొక్కల ఆకులు తిప్పి చూశాడు.

"చెప్పకపోతే ఎక్కించేసేవాణ్ణి. అక్కడ మాడిపోయేయి. వాటెనకాలే నా ఉద్యోగం."

"మళ్లీ బోరు నీళ్లు పోస్తే?"

"కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి. రెండు నెలలు పట్టిద్ది. ఎన్ని బతుకుతాయో చెప్పలేను. బతికినయ్యి తీసుకెళ్తా. ఈలోపు ఇంకోచోట దొరికితే మాత్రం నేను ఆగలేనమ్మా."

లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

"రెండు నెలలు ఆగుతరా వెంచరోళ్లు?" అన్నాడు శ్రీశైలం. "రేపు పదింటికి కారొస్తది. అమ్మా, పట్టా నీ పేరు మీదున్నది. వేలిముద్ర నువ్వే పెట్టాలె. తయారుగుండు."

గోవిందమ్మ వంగి, ఆకులు కత్తిరించిన ఒక కొమ్మను తడిమింది.

సోమవారం పదింటికి కారు వచ్చింది. అవ్వ ఇంట్లో లేదు. నిహారిక పరిగెత్తి వెళ్లి చూస్తే సంచుల మధ్య నిలబడి ఉంది, చేతిలో బోరు పైపు. ఒక్కో మొక్క మొదట్లో కాస్త పోసి ముఖం పక్కకు తిప్పుకుంటోంది. చంటిపిల్లకు ముక్కు మూసి చేదు మందు పోసే తల్లిలా ఉంది.

"తాగుండ్రి. తప్పది. ఇంత తాగుండ్రి."

కారు హారన్ కొట్టింది. శ్రీశైలం గట్టు దిగాడు.

"అమ్మా, పైపు పడేసి రా. సార్లు ఎదురుసూస్తున్నరు."

"ఇంక పన్నెండు వరుసలున్నయ్."

"గవి ఎట్లయినా సచ్చేటియే."

"సస్తే నా చేతుల మీద సస్తయ్. పాడు జేసింది నేను, నేనే జూసుకుంట. ఆగేటోళ్లయితే రెండు నెలలు ఆగమను. లేకుంటే పొమ్మను. నేనైతే రాను."

"మాటిచ్చిన అమ్మా!"

"నువ్విచ్చినవ్. నేనియ్యలే."

శ్రీశైలం తల్లి వైపు, కారు వైపు మార్చి మార్చి చూశాడు. ఎటూ కదల్లేదు. హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా.

నిహారిక పైపు తోక పట్టుకుని తర్వాతి వరుసలోకి లాగింది. మొదటి వరుసలో, తను కత్తెర పెట్టకుండా వదిలేసిన పచ్చటి ఆకులు కూడా అప్పటికే రాలడం మొదలుపెట్టాయి.