గుహ గోడ మీద ఏముంది

"తాతయ్యా, లెఫ్ట్ సైడ్ వాల్ మీద నీకు ఏమైనా కనపడుతుందా?"

ఇషా అలా అడగగానే సూర్యప్రకాశ్ గారు సోఫాలో ముందుకు జరిగారు. కొత్త టీవీ నిండా చీకటే. అది గుహ అని మనవరాలు చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే టీవీ ఆగిపోయిందనే అనుకునేవారు. ఎక్కడో లోపల ఒక దివిటీ వెలుగుతోంది. ఎడమవైపు గోడ ఉందట. గోడ సంగతి దేవుడెరుగు, ఎడమవైపు అసలు ఏదైనా ఉన్నట్టే లేదు.

"ఏముంది అక్కడ?"

"చెప్తే ఎలా? నువ్వే చూడాలి."

ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు. ఏమీ లేదు. ఆ మాట పైకి అనడానికి మాత్రం నోరు రాలేదు. చీకట్లో ఏముందో చెప్పడమే బతుకంతా ఆయన చేసిన ఉద్యోగం. రేడియాలజిస్టుగా పనిచేసినన్నాళ్లూ ఎక్స్‌రే ఫిల్ములో ఆవగింజంత మచ్చ కూడా ఆయన కన్నుగప్పి పోలేదని హాస్పిటల్లో చెప్పుకునేవారు. రిటైరయ్యాక ఆ మాట ఎవరూ మరిచిపోకుండా ఆయనే అప్పుడప్పుడు గుర్తు చేస్తున్నారు కూడా.

"నో?" అంది ఇషా. మొహం చిన్నబోయింది. "ఓకే. బ్రైట్ చేసేస్తాను. నీకే కనపడకపోతే ఇంకెవరికీ కనపడదు."

ఇషా అమ్మానాన్నలు ఫ్రీమాంట్‌లో ఉంటారు. ఉద్యోగం వీళ్లుండే ఊళ్లోనే, క్యారీలో దొరకడంతో తాతయ్య, అమ్మమ్మల దగ్గర ఉంటోంది. ఒక చిన్న గేమ్ కంపెనీలో లైటింగ్ చూస్తుంది. అంటే గేమ్‌లో ఎక్కడ వెలుగుండాలి, ఎక్కడ చీకటుండాలి అన్నది ఆమె చేతిలో పని. ఈ గుహ మొదటినుంచీ చివరిదాకా ఆమె ఒక్కతే చేసిన మొదటి చోటు. ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఆఫీసు మానిటర్ల మీద ఎంత బ్రహ్మాండంగా ఉన్నా సరే, చివర్లో ఎవరికి వాళ్లు గేమ్‌ని ఇంటికి తెచ్చుకుని హాల్లో ఉన్న మామూలు టీవీ మీద ఆడి చూడాలి. కొనుక్కునేవాళ్ల ఇళ్లలో ఉండేది ఆ టీవీలే మరి. ఈ ఆదివారం సాయంత్రంలోగా ఆఖరి మార్పులు పంపించెయ్యాలి. ఆ తర్వాత ఎవరూ చెయ్యి పెట్టడానికి లేదు.

"బ్రైట్ చేస్తే నష్టమేంటి?" అన్నారు ఆయన.

"అప్పుడది కేవ్‌లా ఉండదు తాతయ్యా, మన గరాజ్‌లా ఉంటుంది." ఆమె కాళ్లు ముడుచుకుని కార్పెట్ మీద కూర్చుంది. "ఆ వాల్ మీద ఒకటి పెట్టాను. వెతికినవాళ్లకే కనపడాలి. మా డైరెక్టర్ ఓకే అన్నాడు, కానీ ఇంట్లో టీవీ మీద కనపడకపోతే లైట్ పెంచెయ్యమన్నాడు."

సూర్యప్రకాశ్ గారి చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లింది. పోయినేడు రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు భేషుగ్గా ఉందని డాక్టరు చెప్పాడు. కానీ డాక్టర్లు ఎప్పుడెలా ధైర్యం చెబుతారో ఆయనకి తెలియనిది కాదు, తనూ అలా చెప్పినవాడే. తన చూపు తగ్గినందుకు ఈ పిల్ల గుహ పాడవుతుందా? తప్పు కంటిదా, టీవీదా? అది తేలేదాకా ఆయన సోఫా మీద కుదురుగా కూర్చోలేరు.

"నువ్వేమీ మార్చకు. ముందు ఇదెలా పనిచేస్తుందో నాకు చెప్పు."

ఇషాకి ఈ ప్రశ్న కొత్త కాదు. పొద్దున్నే ఒక పంచాయితీ అయింది. గేమ్ ఆడే కన్సోల్ తగిలిస్తే టీవీ మీద హెచ్‌డీఆర్, అంటే వెలుగుల్లో నీడల్లో తేడాలన్నీ చూపించే పద్ధతి, రానేలేదు. కారణం కేబుల్. ఇంట్లో కేబుళ్లకి కరువేమిటని సూర్యప్రకాశ్ గారు సామాన్లు పెట్టుకునే క్లాజెట్‌లోంచి తాను భద్రంగా దాచిన ఒకటి తెచ్చి ఇచ్చారు. అది ఎప్పటి డీవీడీ ప్లేయర్‌దో. ఇషా నవ్వు ఆపుకుని, తన బ్యాగ్‌లోంచి కొత్తది తీసి పెట్టాక హెచ్‌డీఆర్ వచ్చింది. ఈ చీకటి కూడా దాంతోపాటే వచ్చింది.

"పాత టీవీలో సన్, వైట్ పేపర్ రెండూ సేమ్ వైట్," అంది ఇషా. "హెచ్‌డీఆర్‌లో సన్ నిజంగా మండుతుంది, పేపర్ పేపర్‌లానే ఉంటుంది. డార్క్‌లో కూడా అంతే. బ్లాక్‌లో బోలెడు బ్లాక్స్ ఉంటాయి."

నలుపులో బోలెడు నలుపులు. ఆయన తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్ర డాక్టరుకీ చెప్పిన మాట అదే. మనవరాలి మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది.

"మరి ఎంత వెలుగు పంపాలో దీనికెలా తెలుస్తుంది?"

"కన్సోల్ టీవీని అడుగుతుంది, నువ్వు ఎంత బ్రైట్ వెళ్లగలవు అని. టీవీ చెప్తుంది. కాకపోతే టీవీలు కొంచెం ఎక్కువ చెప్తాయి."

"పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పినట్టు."

"మేబీ. అందుకే మనం మళ్లీ చెక్ చేయాలి."

ఆ చెకింగ్ కోసం కన్సోల్‌లో ఒక తెర ఉంది. నల్లటి నేల మీద ఒక మసక గుర్తు. అది కనబడీ కనబడనట్టు వచ్చేదాకా బటన్ నొక్కుతూ పోవాలి. సూర్యప్రకాశ్ గారు కంట్రోలర్ లాక్కున్నంత పని చేసి, నొక్కారు. మళ్లీ నొక్కారు. గుర్తు ఎక్కడా లేదు. దాదాపు చివరిదాకా వెళ్లాక అప్పుడు తేలింది. ఇషా చూస్తే ఆమెకి అంతకంటే కొంచెం ముందుగా కనబడింది, అంతే.

"ఇది చాలా ఎక్కువ. ఆఫీస్‌లో మిడిల్‌లోనే వచ్చేస్తుంది," అంది ఇషా. "ఈ టైప్ టీవీలు ఇంతేనేమో. బోలెడు మంది ఇళ్లలో ఇదే ఉంటుంది తాతయ్యా. నేనే అడ్జస్ట్ అవ్వాలి."

ఆయన లేచి క్లాజెట్‌లోకి వెళ్లారు. కేబుళ్ల డబ్బా వెనక పాత ఎక్స్‌రే ఫిల్ముల కవరు ఒకటుంది. పాఠం చెప్పడానికని దాచుకున్నవి. ఒకటి తీసి పక్కగది కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. ఎవరిదో ఛాతీ. ఊపిరితిత్తి పైమూల, పక్కటెముక చాటున, సాలెపోగులాంటి గీత. అది అక్కడ ఉండాలి, ఉంది. ఆయనకి చక్కగా కనబడింది. దాని పక్క పోగు కూడా కనబడింది. కన్ను బానే ఉంది. అమ్మయ్య అనుకుని, ఫిల్మును కవర్లో పెట్టి, హాల్లోకి వచ్చేసరికి ఆయన నడకే మారిపోయింది.

"మా హాస్పిటల్లో మానిటర్లకి ఒక కన్నుండేది," అన్నారు. "గదిలో వెలుతురు ఎంతుందో చూసి, దాన్నిబట్టి బొమ్మని మార్చుకునేవి. దీనికి లేదూ?"

"సెన్సర్ ఉంటుంది. కానీ టీవీని గేమ్స్ కోసం గేమ్ మోడ్‌లో పెడితే ఆఫ్ అయిపోతుంది అనుకుంటా."

"అనుకుంటావా, తెలుసా?"

ఇషా తల గోక్కుంది. ఆయన కిటికీ బ్లైండ్స్ మూసేశారు. బొమ్మ మారలేదు. మొత్తం ఎత్తేశారు. క్యారీ ఎండంతా హాల్లోకి వచ్చి పడింది. అయినా మారలేదు.

"చూశావా? ఆఫ్‌లోనే ఉంది," అంది ఇషా, ఇక వదిలెయ్యి తాతయ్యా అన్నట్టు. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. గుహకి వెలుగు పెంచడం మొదలుపెట్టబోతోందని ఆయనకి అర్థమైంది.

పేషెంటుని గిల్లితే నొప్పి లేదన్నాడనుకోండి. గిల్లింది నిజంగా తగల్లేదేమో, లేదా అక్కడ స్పర్శే పోయిందేమో. రెండూ ఒకటి కాదు కదా. ఆయన ఫోనులో టార్చ్ వేసి, మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ టీవీ ముందు కూర్చున్నారు. స్పృహ లేని మనిషి కంట్లోకి లైటు వేసినట్టు, టీవీ అంచు వెంబడి టార్చ్ మెల్లగా జరుపుతూ పోయారు. పైన ఏమీ లేదు. పక్కన ఏమీ లేదు. కింద మధ్యలోకి వచ్చి, దాదాపు ఆనించి పట్టుకునేసరికి గుహ కదిలింది. దివిటీ చుట్టూ రాళ్లు లేచాయి. టార్చ్ తీశారు. కాసేపటికి రాళ్లు మళ్లీ మునిగిపోయాయి.

"తాతయ్యా, మళ్లీ చెయ్యి," అంది ఇషా, ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసి.

మళ్లీ చేశారు. మళ్లీ లేచాయి. ఇద్దరూ వంగి టీవీ కింది అంచు చూశారు. అక్కడ వేలి కొసంత చిన్న బొడిపె ఉంది. దాని మీద పసుపు, పసుపు మధ్యలో కుంకుమ. ఎండి గట్టిగా అతుక్కుపోయి ఉంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి వంటింటి వైపు చూశారు.

ఆండాళ్ గారు ఈ ఊళ్లోనే మందుల కంపెనీ ల్యాబులో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా బొట్టు పెట్టకుండా స్విచ్ వెయ్యనివ్వరు. కారు, ఫ్రిజ్, వాటర్ హీటర్, ఏదైనా సరే. ల్యాబులో కొత్త సెంట్రిఫ్యూజ్ వచ్చినప్పుడు సేఫ్టీ ఆఫీసరు దగ్గర పర్మిషన్ తీసుకుని మరీ పెట్టిన మనిషి ఆవిడ. టీవీ వచ్చినరోజు కూడా పెట్టారు. సూర్యప్రకాశ్ గారే పక్కన నిలబడి కొబ్బరికాయ కొట్టారు.

"ఆండాళ్, ఒకసారి ఇలా రా."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, బొట్టు అడ్డం వల్ల గది చీకటిగా ఉందనుకుని టీవీ వెలుగు తగ్గించేస్తోందని విన్నారు. మొగుడి చెయ్యి అప్పటికే బొట్టు మీదికి వెళ్తోంది.

"చెయ్యి తియ్యండి," అన్నారు ఆండాళ్ గారు. "అంచంతా నున్నగా ఉంది, అదొక్కటే నుదురులా కనబడింది. అందుకని పెట్టాను. అది దాని కన్నని నాకేం తెలుసు?"

"సెట్టింగ్స్‌లో సెన్సర్ ఆఫ్ చేసేస్తాను అమ్మమ్మా, బొట్టు ఉంచేద్దాం," అంది ఇషా.

"ఆఫ్ చేస్తే మన టీవీ బాగుపడుతుంది, నీ పరీక్ష పాడవుతుంది," అన్నారు సూర్యప్రకాశ్ గారు. "జనం ఇళ్లలో ఎవరూ ఏదీ ఆఫ్ చెయ్యరు. డబ్బాలోంచి ఎలా వచ్చిందో అలాగే చూస్తారు. దానికి కన్ను తెరుచుకుని ఉండాల్సిందే."

ఆండాళ్ గారు ఆలోచించారు. ల్యాబు మనిషి కాబట్టి మాట మీద నమ్మేరకం కాదు. "టార్చ్ వెయ్యండి, చూస్తాను," అన్నారు. వేశారు. "తియ్యండి." తీశారు. "ఇంకోసారి." గుహ వాళ్లు చెప్పినట్టే లేచింది, చెప్పినట్టే మునిగింది. ఆవిడ తల పంకించి లోపలికి వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక చేతిలో తడిగుడ్డ, ఇంకో చేతిలో కుంకుమ భరిణె, తడిపిన పసుపు.

"ఉన్న బొట్టు ఊరికే తుడవను," అన్నారు. "ముందు కొత్తది పెట్టి, అప్పుడు పాతది తీస్తాను. నిమిషమైనా ఉత్త నుదురుతో ఉంచను."

టీవీ స్టాండు కాలికి బొటనవేలితో పసుపు అద్ది, కుంకుమ పెట్టారు. ఆ తర్వాత బొడిపె మీది బొట్టుని తడిగుడ్డతో మెత్తగా నానబెట్టి తీశారు.

టీవీ ఒక్క క్షణం తడబడింది. తర్వాత గుహ మెల్లగా విచ్చుకుంది. వెలుగు పెరిగిందని కాదు, చీకటి చీకటిగానే ఉంది, కాకపోతే ఇప్పుడు ఆ చీకట్లో వస్తువులున్నాయి. తడి రాళ్లు. పైకప్పు నుంచి వేలాడే చెట్ల వేళ్లు. ఎడమవైపు, నిజంగానే, గోడ.

"ఇప్పుడు చెప్పు తాతయ్యా," అంది ఇషా.

సూర్యప్రకాశ్ గారు నేల మీదే కూర్చుని, రిపోర్టు చెప్పే పాత అలవాటులో మొదలుపెట్టారు. "ఎడమ గోడ. పైనుంచి కిందికి ఒక పగులు. పగులు పక్కన తలుపు. చిన్నది, రాతిది. మూసి ఉంది." ఆగారు. ఇంకా ముందుకి వంగారు. "తలుపుకి గడప ఉంది. గడప మీద ఏదో మరక. కాదు, మరక కాదు. పసుపు. మధ్యలో కుంకుమ. ఎవరో వేలితో పెట్టారు, అది కొంచెం కిందికి జారింది."

"యెస్," అంది ఇషా. "ఆ డోర్ గేమ్‌లో ఓపెన్ అవ్వదు. ఇక్కడ ఎవరో ఉండేవారు, ఇల్లులా చూసుకునేవారు, అని తెలియాలి. అంతే." అమ్మమ్మ వైపు చూడకుండా చెప్పింది. "అమ్మమ్మ పెట్టేది ఎప్పుడూ కొంచెం కిందికి జారుతుంది కదా, థంబ్ నొప్పి వల్ల. అలానే చేశాను."

ఆండాళ్ గారు తెర మీది గడపని చూశారు. తర్వాత వంగి, ఇందాక స్టాండు కాలికి పెట్టిన బొట్టుని చూశారు. అదీ కిందికి జారే ఉంది. పసుపు అంటిన తన బొటనవేలిని చీరకి తుడుచుకోబోయి, మానేశారు.

"దీన్ని నేనే మూసేశానా," అన్నారు మెల్లగా. ఇషా వైపు తిరిగి, "వెలుగు పెంచకమ్మా. వెతికినవాళ్లే చూస్తారు," అన్నారు.

ఇషా ల్యాప్‌టాప్ తెరిచి, గుహలో ఏదీ మార్చకుండా, ఉన్నదున్నట్టు పంపించేసింది.

సూర్యప్రకాశ్ గారు ఇంకా తెర ముందునుంచి లేవలేదు. గడప మీది బొట్టునే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి గోడ మసకబారింది, తర్వాత తలుపు, ఆ తర్వాత పసుపు. ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు గానీ, ఈసారి టీవీని అనుమానించలేదు.