చీటీలో ఆఖరి పని

అక్టోబరు పదకొండు, బుధవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, సగం అరటిపండు. మిగతా సగం సంచిలో నలిగిపోయింది. ఇంత చిన్న భోజనం ఇంకా గుర్తుండటానికి కారణం, అది తింటూ మా అత్తయ్యగారు రాసిన చీటీ చదవడమే. చదివేసరికి గుడ్డు ఇంకా చేతిలోనే ఉంది.

అత్తయ్యగారంటే నా భార్య తల్లి. మూడేళ్ళ కిందట కూతురికి జబ్బు ముదిరితే, రెండు నెలలు దగ్గరుండి చూసుకుంటానని వచ్చారు. కూతురు పోయింది. ఆవిడ ఉండిపోయారు. ఉండమని నేను అనలేదు, వెళ్తానని ఆవిడా అనలేదు.

ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. కోపమేమీ లేదు, అలవాటు. నా భార్య ఉన్న రోజుల్లో ఏం చెప్పాలన్నా కూతురి మీదుగా చెప్పేవారు. నేను రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే, "మీ ఆయన్ని భోజనానికి లెమ్మను" అనేవారు. ఇప్పుడు మధ్యలో ఆ మనిషి లేదు. అల్లుణ్ణి 'నువ్వు' అనడానికి ఆవిడకి నోరు రాదు. 'మీరు' అందామంటే కళ్ళముందు పెళ్ళికొడుకైన కుర్రాణ్ణాయె. అందుకని రెండూ తగలకుండా మాట్లాడే విద్య ఒకటి పట్టుబడింది. "భోజనం వడ్డించి ఉంది." "మబ్బు పట్టింది, గొడుగు ఉంటే మంచిది." ఇలా గోడకు చెబుతారు. గోడతో పాటు నేనూ వింటాను. బజారు పనులుంటే మాత్రం పట్టుకెళ్ళాల్సిన సామాను నా సైకిలుకు తగిలించి, చీటీ రాసి క్యారియరు క్లిప్పు కింద పెడతారు.

ఆ రోజు చీటీలో ఇలా ఉంది:

"పిండి ఆడించాలి. చెప్పు కుట్టించాలి. పెద్ద సంచికి జిప్పు వేయించాలి. చిన్నవాడింటికి వెళ్ళాలి. ఆదివారం దాకా ఆగడం కుదరదు."

చిన్నవాడంటే ఆవిడ కొడుకు, నా బావమరిది. ఊరికి ఆ చివర, రైలు బ్రిడ్జి దాటాక ఉంటాడు. నెల కిందట ఫోన్లో, "ఇంకెన్నాళ్ళు బావా నీకీ చాకిరీ? అమ్మని ఇటు పంపించెయ్" అన్నాడు. వాడి గొంతుకు స్పీకరు అక్కర్లేదు. వంటింట్లో ఉన్న ఆవిడకి వినపడే ఉంటుంది. ఆ రోజు గిన్నెలు మామూలుకన్నా నెమ్మదిగా కడిగారు. నేను ఏదో ఒకటి అనాల్సింది. చూద్దాంలే అని ఫోను పెట్టేశాను.

ఇదిగో, దాని జవాబు చీటీ మీద వచ్చింది. చెప్పులు, సంచి, ప్రయాణం. తొందర కూడాను.

"ఏంటి మాస్టారూ, గుడ్డులో కూడా అచ్చుతప్పు దొరికిందా?" అన్నాడు మెషిన్‌మ్యాన్, నేను కదలకుండా కూర్చోవడం చూసి. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ, అదే ఎర్ర పెన్ను. ఇంటి నుంచి ప్రెస్సుకు ఆరు కిలోమీటర్లు, రానూపోనూ పన్నెండు, మధ్యలో ఇలాంటి చీటీలు. యాభై ఏడేళ్ళ మోకాళ్ళకు అది తక్కువేం కాదు.

నాలుగింటికి పర్మిషన్ అడిగి బయటపడ్డాను. గింజల సంచి చూస్తే చీటీ చదవకుండానే పని తెలుస్తుంది కాబట్టి, పొద్దునే దాన్ని మర దగ్గర ఇచ్చి వెళ్ళాను; ఇప్పుడు పిండి సంచి తీసుకుని హ్యాండిలుకు తగిలించాను. ఇంకా వెచ్చగా ఉంది. తొక్కుతుంటే మోకాలికి తగులుతూ కాపడం పెట్టినట్టు హాయిగా ఉంది. బ్యాంకు మెట్ల పక్కన చెప్పులు కుట్టే ఆయన, అత్తయ్యగారి చెప్పు తిరగేసి చూశాడు.

"ఇంట్లో తిరగడానికైతే ఈ ఒక్క కుట్టు చాలు సార్. ప్రయాణమైతే ఇంకో వరస వెయ్యాలి."

"ఇంకో వరస వెయ్యి," అన్నాను.

ఆ మాట అన్నాక కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఆయన తన కింద ఉన్న గోనెపట్టా ఒక చివర నా వైపు లాగి, కుట్టుకుంటూ పోయాడు.

సంచికి జిప్పు వేయించేసరికి అయిదున్నర. రైలు స్టేషను రోడ్డు మలుపులో చైను ఊడింది. ఊడటం కొత్త కాదు, ఆ రోజు మాత్రం మూడోసారి. నల్లటి వేళ్ళతో సైకిలు నడిపించుకుంటూ రిపేరు షాపుకి వెళ్ళాను. మేస్త్రీ చైనును వేలితో ఎత్తి చూసి నవ్వాడు.

"ఇది మీకన్నా ముందే రిటైరైంది మాస్టారూ. పెన్షన్ మీద నడుస్తోంది."

"ఇంకో రెండేళ్ళు నడిపించు. ఇద్దరం కలిసి దిగిపోతాం."

"రెండేళ్ళా? ఇదే మిమ్మల్ని మధ్యలో దించేసేలా ఉంది," అని ఒక లింకు తీసి బిగించాడు. చేతులు తుడుచుకోమని తన భుజం మీది గుడ్డ ఇచ్చాడు. అది నా చేతులకన్నా నల్లగా ఉంది. అయినా తుడుచుకున్నాను.

బ్రిడ్జి మీద ఎదురుగాలి. పిండి ఒక పక్క, సంచి ఇంకో పక్క, సైకిలు తాగినవాడిలా తూలుతోంది. వెనక ఒక లారీ వచ్చింది. హారన్ కొడతాడని ఒళ్ళు బిగబట్టాను. కొట్టలేదు. నేను దిగి పక్కకు జరిగేదాకా నా వెనకే, నా వేగంతోనే వచ్చాడు. ఆ డ్రైవరు ముఖం చూడలేదు, బాగుండాలి అనుకున్నాను.

అక్కణ్ణుంచి నడకే. నడుస్తూ లెక్కేసుకున్నాను, ఆవిడ వెళ్ళిపోతే ఏం మారుతుందని. చీటీలు ఉండవు. పిండి ఆడించక్కర్లేదు, రొట్టె కొనుక్కుంటే సరి. మోకాళ్ళు సంతోషిస్తాయి. సాయంత్రం తాళం నేనే తీసుకుని లోపలికి వెళ్తాను. ఉన్నవాళ్ళకి వినపడేలా గొంతు సవరించుకోవాల్సిన పని ఉండదు, ఉన్నవాళ్ళే ఉండరు కాబట్టి. గోడ ఉంటుంది. కానీ దానితో మాట్లాడేవాళ్ళు ఉండరు. ఇంతవరకు వచ్చాక లెక్క ఆపేశాను.

బావమరిది బస్సు డిపోలో టైమ్‌కీపరు. అప్పుడే డ్యూటీ దిగి, బనీనుతో వరండాలో కూర్చుని ఉన్నాడు.

"రా బావా. ఏంటిలా చెమటలు కక్కుతున్నావ్? ఆ బ్రిడ్జి మీద దిగి నడవొచ్చుగా."

"దిగే నడిచాను."

"నడిచినవాడివే ఇలా ఉంటే, తొక్కితే స్ట్రెచరు మీద వచ్చేవాడివి."

నీళ్ళు తాగాను. గ్లాసు కింద పెట్టకుండానే చెప్పేశాను, పెడితే చెప్పలేనేమోనని. "అత్తయ్యగారు ఇక్కడికి వచ్చేస్తానంటున్నారు."

వాడు నవ్వు ఆపాడు. "అమ్మే అందా? నోటితో?"

"రాసిచ్చారు."

"రాసివ్వడమేంటి బావా, రాజీనామానా?"

చీటీ తీసి ఇచ్చాను. వాడు దాన్ని దీపం దగ్గర పెట్టి పైకీ కిందకీ చూస్తుండగా, లోపలి నుంచి వాళ్ళావిడ వచ్చింది. నా చేతిలోని ఖాళీ సంచి చూసి ముఖం విప్పార్చుకుంది.

"అమ్మయ్య, సంచి తెచ్చారా అన్నయ్యగారూ? అత్తయ్య పొద్దున ఫోన్లో చెప్పింది, పెద్ద సంచి పంపిస్తున్నానని. కత్తెర, దారాలు, టేపు అన్నీ తీసి ఒక పక్కన పెట్టాను. మిషను మాత్రం బరువు. సైకిలు మీద ఎలా పట్టుకెళ్తారో ఏమో."

"ఏ మిషనమ్మా?"

"అత్తయ్య కుట్టుమిషను. చేతి మిషను. ఆదివారం పాత సామాన్లవాడొస్తున్నాడు, గది ఖాళీ చేస్తున్నాం, దీన్నేం చెయ్యమంటారు అని నేనే అడిగాను. ఇచ్చెయ్యొద్దు, అల్లుడొచ్చి తీసుకెళ్తాడు, నాకిక్కడ కావాలి అంది. మీకు చెప్పలేదా?"

బావమరిది చీటీ నా ముఖం ముందు పెట్టాడు. "'చిన్నవాడింటికి వెళ్ళాలి.' ఎవరు వెళ్ళాలి బావా? ఎక్కడుంది ఇందులో అమ్మ వెళ్ళాలని?"

లేదు. కర్త లేదు. ఊళ్ళో వాళ్ళ వాక్యాలన్నిటిలో కర్త ఎక్కడని పక్కన ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టే మనిషిని, ఈ ఒక్క వాక్యంలో నా భయాన్నే కర్తగా చదువుకున్నాను. పిండి ఆడించాల్సింది నేను, చెప్పు కుట్టించాల్సింది నేను. నాలుగో పనికి వచ్చేసరికి మాత్రం ఆవిడని పంపించేశాను.

ముగ్గురం నవ్వాం. ముందు ఆపింది బావమరిదే. వాళ్ళావిడ లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించాడు. వాడు గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదలు.

"ఎలాగూ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. నువ్వు తప్పు చదివినా, నేనన్నది తప్పు కాదు. అక్క పోయి మూడేళ్ళయింది. అమ్మని చూసుకోవాల్సింది నేను. నువ్వు చూడు, ఎలా అయిపోయావో. గది ఖాళీ చేస్తున్నది కూడా అందుకే. ఊఁ అను, ఆదివారం నేనే వచ్చి తీసుకొస్తా. అమ్మకి నేను చెప్పుకుంటా, నీ మీదికి రానివ్వను."

మంచి మాటే. మనసులో ఏదో పెట్టుకుని అన్నది కాదు. నిజం చెప్పాలంటే, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నా కాళ్ళు ఊఁ అనమనే చెప్పాయి. చాలా అలసిపోయి ఉన్నాను. అప్పటికి తిరుగు ప్రయాణం ఇంకా మొదలే కాలేదు.

"మిషను క్యారియరు మీద పెట్టి కట్టు," అన్నాను. "పాత ట్యూబు ముక్కలున్నాయా? తాడు జారుతుంది."

వాడు చీటీ మడిచి నాకిచ్చాడు. "ఆలోచించే అంటున్నావా?"

"బ్రిడ్జి మీదంతా అదే పని."

వాడు లేచాడు. ట్యూబు ముక్కలు వెతికి తెచ్చి, మోకాలితో అదిమి పట్టి, నాలుగు వైపులా బిగించాడు. ఊపి చూసి, చాలక ఇంకో ముక్క కట్టాడు. బ్రిడ్జి మొదలు దాకా వెనక చెయ్యి వేసి నెడుతూ వచ్చి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాడు.

ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటింది. అత్తయ్యగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"ఆలస్యమైంది," అన్నారు గేటుతో.

"బరువుంది. నడిచి వచ్చాను," అన్నాను నేనూ గేటుతోనే.

ఇద్దరం చెరో పక్క పట్టుకుని మిషను లోపల పెట్టాం. ఆవిడ చెక్క మూత తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, చక్రం ఒకసారి తిప్పారు. కిర్రుమంది. ఆ మాత్రానికే ఆవిడ ముఖంలో ఏదో వదులైంది. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ మధ్యాహ్నం నుంచి మోసిన దాన్ని ఇంకో రోజు మోసే ఓపిక నాకు లేదు.

"అత్తయ్యగారూ, చీటీ తప్పుగా చదివాను. మీరే చిన్నవాడింటికి వెళ్ళిపోతానని రాశారనుకున్నాను. అక్కడ అదే చెప్పాను కూడా."

చక్రం ఆగింది.

"వాడేమన్నాడు?"

"రమ్మన్నాడు. గది కూడా సిద్ధం చేస్తున్నాడు. ఆదివారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు."

"మరి..." అని ఆగిపోయారు. ఆవిడ గోడ వైపు చూశారు, గోడ వల్ల కాలేదు. మిషను వైపు చూశారు. ఆ తర్వాత, మూడేళ్ళలో మొదటిసారి, నా వైపు చూశారు.

"మీరేమన్నారు?"

"గట్టిగా కట్టమన్నాను, మిషనుని. మీకు వెళ్ళాలనుంటే మాత్రం నాకోసం ఆగక్కర్లేదు."

"వెళ్ళేదాన్నయితే దాన్ని ఇంత దూరం ఎందుకు తెప్పిస్తాను? నేనే దాని దగ్గరికి పోయేదాన్నిగా." చక్రం మళ్ళీ తిప్పారు. "నూనె పొయ్యాలి దీనికి. దారాలన్నీ పాతబడ్డాయి. సూదులు కూడా కావాలి."

"చీటీ రాయండి."

"రేపొద్దు. ఎల్లుండి చాలు. రేపు కాళ్ళకి విశ్రాంతి ఇవ్వండి."

అలా ఒకసారి మొదలైన 'మీరు' ఆ రాత్రికి నాలుగైదు సార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఇద్దరం కొంచెం ఇబ్బంది పడ్డాం. భోజనమయ్యాక వేడినీళ్ళలో ముంచిన గుడ్డలు మోకాళ్ళకు చుట్టుకుని ముందుగదిలో మంచం మీద వాలాను. రేపు మళ్ళీ పన్నెండు కిలోమీటర్లు. ఎల్లుండి సూదులు, నూనె, దారాలు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

కాసేపటికి ఆవిడ లోపలి నుంచి వచ్చారు. నేను నిద్రపోయాననుకున్నట్టున్నారు. మోకాళ్ళ మీద చల్లబడిన గుడ్డలు తీసి బకెట్లో వేశారు. వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, గడియ చప్పుడు కాకుండా రెండో చేత్తో పట్టుకుని, మెల్లగా మూశారు.