జైలు లైబ్రరీ దబ్బనాన్ని

నేను ఒక దబ్బనాన్ని. జానెడు పొడుగు, చెక్క పిడి, మొన దగ్గర దారం పట్టే బెజ్జం. మీరంతా బయట పుడతారు, మీలో కొందరు తర్వాత జైలుకి వస్తారు. నేను జైల్లోనే పుట్టాను. ఏ జైలో ఎందుకు లెండి. అక్కడి కార్ఖానాలో కమ్మరి పని తెలిసిన ఖైదీ ఒకడు లారీ కమాను ముక్కని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, చివరికి నీళ్ళలో ముంచాడు. సుయ్యిమన్న ఆ క్షణంలోనే నా స్వభావం ఖాయమైపోయింది. వంగడం నాకు రాదు. మరీ ఒత్తితే విరగడమే.

మొదట కంబళ్ళ సెక్షన్‌లో గోనె మూటలు కుట్టాను. రెండో నెలలోనే నెత్తురు చూశాను. సబ్బు ముక్క కోసం ఇద్దరు కలియబడ్డారు. ఒకడు నన్ను రెండోవాడి అరచేతిలోంచి కింద బల్లలోకి దిగగొట్టాడు. నన్ను ఊడబెరకడానికి ఇద్దరు వార్డర్లు కావలసివచ్చారు. పొడిచినవాణ్ణి ఒంటరి కొట్లో వేశారు. నన్ను కడిగి, పుస్తకాలు కుట్టే పనికని లైబ్రరీకి పంపారు. పుస్తకాల మధ్య ఉంటే ఇనుము కూడా బుద్ధిగా ఉంటుందని సూపరింటెండెంటు గారి నమ్మకం.

అదే నమ్మకంతో ఆయన ఓదేలుని కూడా అక్కడికే తోలాడు.

ఓదేలు జీవిత ఖైదీ. చేనుకి నీళ్ళు మళ్ళించే దగ్గర మాటామాటా పెరిగి, పక్క చేను మనిషిని పారతో ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ ఒక్కదానికే ఆ మనిషి పోయాడు. జైలుకొచ్చినా చెయ్యి ఊరుకోలేదు. వంటశాలలో గరిటెతో ఒకడి దవడ విరగ్గొట్టాడు. తోటలో ఇంకొకణ్ణి గాబులో ముంచి ఊపిరాడకుండా చేశాడు.

"లైబ్రరీల పడేస్తున్నం. ఆడ నువ్వు కొట్టనీకి ఎవడుండడు" అన్నాడు వార్డర్ జక్రయ్య. రోజూ పొద్దున నన్ను ఓదేలు చేతికిచ్చి, సాయంత్రం తీసుకుని తాళం వేసేది అతనే.

జక్రయ్య అంచనా వారం కూడా నిలవలేదు. ఒకడు బీడీ చుట్టుకోవడానికి పుస్తకంలోంచి కాగితం చింపాడు. ఓదేలు వాడి జుట్టు పట్టుకుని తలని బల్లకేసి మోదాడు. రెండు పళ్ళు ఊడి నా పక్కన పడ్డాయి. ఒంటరి కొట్టు నుంచి తిరిగొచ్చాక ఓదేలు ఆ కాగితాన్నే వెతికి, సాపు చేసి, జిగురు పూసి, నాతో కుట్టడానికి కూర్చున్నాడు. పేజీ తలకిందులుగా పెడుతున్నానేమోనని కూడబలుక్కుని చదివాడు. ఎవరో ఆడమనిషి పడవలో ఏడుస్తోంది. ఎందుకేడుస్తోందో తెలియక ముందు పేజీకి వెళ్ళాడు. అక్కడా తెలియలేదు. ఆ రోజు భోజనం గంట కొట్టినా లేవలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. అట్టలూడిన పుస్తకాలన్నీ నా చేత కుట్టించాడు. ఏ పుస్తకం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. సార్వత్రిక విశ్వవిద్యాలయానికి డబ్బు కట్టి లైబ్రరీ సైన్స్ కోర్సు చదివాడు.

"ఏందిరా, బయటికి పోయి లైబ్రేరియన్ అయితవా? ఖూనీ చేసినోని చేతికి పుస్తకాలు ఎవడిస్తడు?" అని నవ్వాడు జక్రయ్య.

"అడుగుత సార్. ఇచ్చేదాంక అడుగుత."

పరీక్ష పాసయ్యాడు. సత్ప్రవర్తన మీద ముందుగా విడుదలయ్యేవాళ్ళ జాబితాలో పేరు కూడా పడింది. "రెండు నెలలు. నీ చేతులు జేబులకెల్లి తియ్యకు" అన్నాడు జక్రయ్య. ఖైదీల నిక్కర్లకి జేబులుండవని ఇద్దరికీ తెలుసు.

అప్పుడొచ్చాడు నర్సింగం. ఇసుక వ్యాపారంలో అడ్డొచ్చిన ఇద్దర్ని చంపించిన మనిషి. అతని దగ్గర గుమాస్తాగా చేసిన కిష్టస్వామి కూడా అదే కేసులో లోపలికొచ్చి, ఉన్నదంతా కోర్టులో చెబుతానని ఒప్పుకున్నాడు. ఇద్దర్నీ వేరువేరు బ్యారక్‌లలో పెట్టారు. లైబ్రరీ మాత్రం అందరికీ ఒకటే. కిష్టస్వామి రోజూ పదింటికి కిటికీ పక్కన కూర్చుని పేపరు చదివేవాడు.

"రేపు గా దబ్బనం బల్ల మీద మర్చిపో. నీకేం తెల్వదు" అన్నాడు నర్సింగం ఓదేలుతో.

"అది పుస్తకాలకు. మనుషులకు కాదు."

"ఇయ్యకపోతే ముందు నువ్వే పోతవ్."

ఓదేలు వెంటనే జక్రయ్యకి చెప్పాడు. జక్రయ్య పైవాళ్ళకి చెప్పాడు. పైవాళ్ళు రాసిమ్మన్నారు. ఆ కాగితం రెండో బల్ల దాటేలోపు నర్సింగం ఇద్దరు మనుషులతో లైబ్రరీలోకొచ్చి తలుపు గడియ పెట్టాడు. కిష్టస్వామి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

నేను ఓదేలు పిడికిట్లో ఉన్నాను. ఆ పిడికిలి బిగిసింది. కంబళ్ళ సెక్షన్‌లో నన్ను ఎత్తిన చెయ్యి కూడా అలాగే బిగిసింది, నాకు తెలుసు. నర్సింగం గొంతు మూరెడు దూరంలో ఉంది. ఓదేలు ఊపిరి బుసలు కొడుతోంది. దిగబడబోతున్నానని నేను సిద్ధమైపోయాను.

అతను పక్కకి తిరిగి, నన్ను ఇనుప ర్యాకు సందులో దూర్చి, ఒంటి బరువంతా వేసి ఒత్తాడు. నేను విరిగాను.

ఇనుప చువ్వతో అతని వేళ్ళు నలగ్గొట్టారు. పక్కటెముకలు పటపటమన్నాయి. ఓదేలు చెయ్యి ఎత్తలేదు, కిష్టస్వామి మీద బోర్లా పడి రెండు చేతులతో ఆయన్ని కప్పేశాడు. నర్సింగం కింద పడిన నా మొనని ఏరుకున్నాడు. ఓదేలు జుట్టు పట్టి తల పైకి లాగి, ఎడమ కంట్లో దింపాడు. ఆ కన్ను పోగొట్టింది నేనే. దింపిన చెయ్యి నర్సింగానిదని చెప్పుకోవచ్చు గానీ, లాభమేముంది. తలుపు పగిలేసరికి ఓదేలు కింద కిష్టస్వామి బతికే ఉన్నాడు.

తర్వాత నన్ను గుడ్డ సంచిలో పెట్టి లక్క సీలు వేశారు. కేసు విచారణకొచ్చిన రోజు మళ్ళీ ఓదేలుని చూశాను. బోనులో నిలబడ్డాడు. వేళ్ళు వంకర తిరిగాయి, ఎడమ రెప్ప కుట్లతో మూసుకుపోయింది. టైపిస్టు పేరు, తండ్రి పేరు, వయసు అడిగి, వృత్తి దగ్గర తనే "జీవిత ఖైదీ" అనుకుంటూ కొట్టబోయాడు.

"అది నాకు పడ్డ శిక్ష సార్" అన్నాడు ఓదేలు. "నా పని లైబ్రేరియన్."

నర్సింగం వకీలు నవ్వాడు. జడ్జి గారు నవ్వలేదు. "అలాగే రాయండి" అన్నారు.

ప్రభుత్వ వకీలు నన్ను పైకెత్తి, "నిన్ను పొడిచిన ఆయుధం ఇదేనా?" అని అడిగాడు.

ఓదేలు ఉన్న ఒక్క కంటితో నన్ను చాలాసేపు చూశాడు. "ఇది మా లైబ్రరీ దబ్బనం సార్. విరగ్గొట్టింది నేనే."

ఇప్పుడు కేసుల సామాన్లు దాచే కోర్టు మాల్‌ఖానాలో ఉన్నాను, రెండు ముక్కలుగా, తుప్పు పడుతూ. ఓదేలు సంగతి ఇక్కడి కానిస్టేబుల్ చెబితే విన్నాను. విడుదలయ్యాక పదిహేడు చోట్ల అడిగాడట. చివరికి బీడీ కార్మికుల సంఘం వాళ్ళు తమ పఠన మందిరం అప్పగించారట. కానిస్టేబుల్ కూతురు అక్కడికే వెళ్తుంది. పుస్తకం పేజీ మూల మడిస్తే ఆ ఒంటికన్ను సారు వీధి చివరిదాకా వినబడేలా తిడతాడట. చెయ్యి మాత్రం ఎత్తడట.